శుక్రారం భూకంపం

"ఏ భూకంపం, ఎక్కడి భూకంపం అని నన్నడుగుతన్నావేటి మేస్త్రీ? దాన్ని కనిపెట్టిన మనిషి దగ్గరకొచ్చి, టీ అయినా ఇప్పించకుండా అడుగుతన్నావా? ఒసే తులసీ, రెండు టీలు పొయ్యి. రెండూ నాకే. ఈ కత కొంచెం పొడుగు."

ఉమాశంకర్ బల్ల మీద కాలు మడిచి కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళు లారీ తోలి, చూపు మసకబారాక కొండ కింద స్పేరుపార్టుల గోడౌనుకి కాపలా కాస్తున్న మనిషి. గొంతు మాత్రం ఇంకా లారీ క్యాబిన్లోంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

సాలూరు దాటి ఒడిశా ఘాట్‌రోడ్డు ఎక్కబోయే మలుపులో ఉంది తులసి టీ బడ్డీ. నెత్తిన నీలం టార్పాలిన్. దాని వెనకే నాలుగు కొత్త గోడలు లేచి, సెంట్రింగ్ రేకులు పరుచుకుని, ఊచలు కట్టించుకుని కాంక్రీటు కోసం చూస్తున్నాయి. శుక్రవారం పొద్దున్న స్లాబు పడాలి. ఆ మాట ఖాయం చేసుకుందామని బుధవారం సాయంత్రం సీమోను మేస్త్రీ వస్తే, తులసి అత్తగారు దాలమ్మ ఉల్లిపాయలు కోస్తూ తలెత్తకుండా "వద్దు" అనేసింది. శుక్రవారం భూకంపం వస్తుందని శంకరు చెప్పాడట. స్థలం ఆవిడది. అక్కడ ఆవిడ మాట దాటి ఇటుక కూడా కదలదు.

"సూడు బావా," అన్నాడు సీమోను, "శుక్రారం తప్పితే నా మనుషులు భోగాపురం ఎల్లిపోతారు, ఇమానాల పనులకి. మళ్ళా ఎప్పుడొస్తారో నాకే తెల్దు. ఈలోగా వానలు దిగిపోతాయి. ఆ భూకంపం సంగతేటో సరిగ్గా సెప్పు."

"సెప్తన్నాను కదా, ఇను. కాలేజీలో రాళ్ళ గురించి పాఠాలు సెప్పే షీబా మేడమని ఒకావిడ జీపేసుకుని మా గోడౌనుకొచ్చినాది. సేతిలో ఒక పెట్టి. సూస్తే టిఫిను కేరేజీ అంతున్నాది, అంతే. దాన్ని ఎనక గదిలో గచ్చుకి మరలు బిగించి అతికించీసినాది. ఏటమ్మా ఇది అంటే, భూమి నాడి సూసే పెట్టి అన్నాది. భూమి ఎక్కడ ఉలిక్కిపడినా ఇది పసిగట్టి, సిమ్ముకార్డు మీద కంప్యూటరుకి పంపుతాది. అక్కడ ఒక ప్రోగ్రాం కూకుని సూస్తుంటాది. ఇప్పటి కుదుపెంత, ఇందాకట్నుంచీ ఉన్న కుదుపెంత అని రెండూ పోల్చుకుంటాది. ఒక్కపాలి పెరిగినాదా, 'ఇదేటో సూడండి బాబూ' అని మన ఫోనుకి కబురెడతాది. కబురు రాడానికి మాత్రం టీ తాగినంత సేపు పడతాది. అదొక్కటే దాని బద్దకం."

"ఎవలిది బావా ఆ ప్రోగ్రాం? గవర్మెంటుదా?"

"ఎవలిదీ కాదు, అందరిదీ. ఓపెన్ సోర్సంటారు. దేశదేశాలోళ్ళు కలిసి రాసి, లోపలేటున్నాదో దాసుకోకుండా బయటెట్టీసినారు. ఎవుడైనా తీసుకోవచ్చు, ఎవుడైనా తప్పు దిద్దొచ్చు. అన్నదానం పందిరిలాగన్నమాట, తినడానికీ అడ్డులేదు, గరిట పట్టడానికీ అడ్డులేదు. మరి గరిటకి అడ్డులేనప్పుడు ఈ శంకర్ సేతులు కట్టుకు కూకుంటాడేటి?"

"కూకోవు మావా," అంది తులసి గ్లాసు అందిస్తూ.

"అదీ. నీకు తెలుసు. మేడం నాకో పని ఒప్పజెప్పినాది. ఘాట్‌రోడ్డు మీద లారీ ఎల్లినా పెట్టి ఉలిక్కిపడిపోతన్నాది, పాపం దానికేటి తెలుసు, కాలేజీలో పెరిగిన పెట్టి. ఫోన్లో గీతల బొమ్మ వస్తాది. లారీ అయితే లారీ అని నొక్కాలి, కాకపోతే భూకంపమని నొక్కాలి. మనం నొక్కగా నొక్కగా ప్రోగ్రాం నేర్సుకుంటాదంట. ఇంకో మాట కూడా సెప్పినాది, పెట్టి కాడ నడవొద్దు, సప్పుడు సెయ్యొద్దు అని. నాను అంత తెలివితక్కువోణ్ణా? శుక్రారం పొద్దున్న సెప్పులు బయటొగ్గీసి, పిల్లిలాగ ఎల్లి, దాన్ని తుడిసి, బొట్టెట్టి, అగరొత్తి ఎలిగించి, కాయ కొట్టి, మళ్ళా పిల్లిలాగ వచ్చీస్తాను. ముప్పయ్యేళ్ళలో శుక్రారం కాయ కొట్టకుండా క్లచ్చు తొక్కినోణ్ణి కాదు. బండైతే ఏటి, పెట్టైతే ఏటి, మిషను మిషనే."

"ఆ కాయ సిప్పలు తెచ్చిస్తేనే కదా మా కోడలు శుక్రారం కొబ్బరి సెట్నీ సేస్తాది," అంది దాలమ్మ. "మిగతా రోజుల్లో ఒట్టి పల్లీ సెట్నీయే. శుక్రారం ఇడ్లీకి జనం ఆగరు."

"పెట్టి ప్రసాదం మరి. ఆ తర్వాత ఏటైనాదో తెలుసా మేస్త్రీ? పెట్టి నాకు లొంగిపోనాది. గీత సూసి ఏ లారీయో సెప్పీడం మొదలెట్టినాను. పది సక్రాలదా, పన్నెండు సక్రాలదా, లోడా, కాళీయా. ఓ రోజు మన గోపి బండి ఘాట్ దిగతన్నాది. గీత ఎడం పక్కకి కొంచెం కుంటతన్నాది. ఎమ్మటే ఫోన్ సేసి, ఒరే గోపీ, ఎనక ఎడం టైరులో గాలి దిగినాది, ఆపి సూడ్రా అన్నాను. సూసినాడు. దిగినాది."

"గోపినడిగితే సెప్తాడా?"

"గోపి రాయపూర్ లోడుకెల్లినాడు. వచ్చాక అడుగు."

"పోనీ ఆ టైరు?"

"మార్చీసినాడు. గాలి దిగిన టైరు ఎవుడైనా ఉంచుకుంటాడేటి? నీకు బళ్ళ సంగతి తెల్దు, ఊరుకో. అంతటితో నాను ఒగ్గీసినానా? ఒగ్గలేదు. ఆ ప్రోగ్రాంలో నాకో తప్పు కనిపించినాది. మన సాలూరు లారీ గురించి అందులో ఒక్క ముక్క లేదు. ప్రపంచంలో ఇన్ని దేశాలోళ్ళు కూకుని రాసినారు, సాలూరు లారీ మర్సిపోనారు. నాను ఇంగ్లీషు సదువుకోలేదు గానీ, వాయిస్ మెసేజీకి ఇంగ్లీషెందుకు? లోడు బండి ఫస్టు గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు ఎలగ మూలుగుతాదో నా నోటితో సేసి పంపించినాను. జర్మనీలో ఒకడు అది ఇని కుర్సీ ఒగ్గీసి గోడకి అతుక్కుపోనాడంట, లారీ మీదకొచ్చేస్తందనుకుని. ఎమ్మటే ప్రోగ్రాంలో ఎక్కించీసినారు. ఇప్పుడు సిలీ దేశంలో లారీ ఎల్తే అక్కడ కంప్యూటరు ఏటంటాదో తెలుసా? 'కంగారు పడకండి, ఎవులో సాలూరోలు ఎల్తన్నారు' అంటాది."

"తెలుగులోనా?"

"మరేటి? నాను మూలిగింది తెలుగులోనే కదా."

సీమోను నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. దాలమ్మ నవ్వలేదు. ఆవిడ శంకర్ మాటలు ప్రార్థనలా వింటుంది.

"తర్వాత జపాను సంగతి. ఓ మజ్జాన్నం గీత ఒచ్చినాది. సన్నగా, పొడుగ్గా, ఆగకుండా. ఇది లారీ కాదు, దూరపు సరుకు అనుకున్నాను. ఎక్కడిదో తెలీడం ఎలగ? పెట్టి మీద ఏలెట్టి నాలిక్కి రాసుకున్నాను. ఉప్పగా ఉన్నాది. అంటే సముద్రం దాటొచ్చినాది. తూర్పు సముద్రం. ఇంకెవులు, జపానే. అక్కడికింకా సేరలేదు భూకంపం, నాకాడికి ముందొచ్చీసినాది."

"ఆగాగు బావా. పుట్టిన కాడికి సేరకుండా నీకాడికి ముందెలగొస్తాది?"

"మనకాడ నెట్‌వర్కు బాగున్నాది. మద్దిలో అడ్డురాకు. జపానుకి ఫోన్ కొట్టినాను. ఎవులెత్తితే ఆలే అని కొట్టినాను. బాబూ, ఉన్నోలు ఉన్నట్టుగా బయటికి పదండి అన్నాను. ఆలు పాపం బువ్వ తింతన్నారు. గిన్నెలు సేతుల్లో పట్టుకునే ఊరు ఊరంతా రోడ్డు మీదకొచ్చీసినారు. అప్పుడు ఊగినాది భూమి. ఒక్క గిన్నె ఒలికితే నన్నడుగు."

"అయ్యో, బువ్వ తింతన్నప్పుడా?" అంది దాలమ్మ. "సగం తిండిలో లేసిపోనారా?"

"నిలబడి తినీసినార్లే అప్పా, ఇదైపోకు. ఆలు అలవాటు పడ్డోలు. ఇదంతా ఒకెత్తు. మన శుక్రారం భూకంపం ఇంకో ఎత్తు. ఓ శుక్రారం ఇక్కడే, ఈ బల్ల మీదే కూకుని టీ తాగతన్నాను. సిప్పలు అప్పుడే తులసికిచ్చినాను. ఫోను మోగినాది. సూస్తే గీత తాటిసెట్టంత లేసి టక్కుమని పడిపోనాది. లారీ ఏదీ ఎల్లలేదు, నా సెవులు నాకు తెలీవా? నొక్కీసినాను, భూకంపమని. పై శుక్రారం అదే ఏళకి అదే గీత. ఆ పై శుక్రారమూ అంతే. మేడం ఫోన్ సేసినాది. 'శంకర్ గారూ, నిజంగా భూకంపమైతే మిగతా ఊళ్ళలో పెట్టెలకి కూడా తెలియాలండీ. నెల్లిమర్లలో పెట్టె చెప్పలేదు, ఇంకెక్కడా చెప్పలేదు, మీదొక్కటే ఎందుకు చెప్తోంది? ఆ టైములో గదిలో ఏమన్నా జరుగుతోందేమో చూస్తారా?' అని. అవన్నీ తొంగున్నాయమ్మా, నాదొక్కటే మేలుకున్నాది అన్నాను. ఇంకేటి మాట్లాడతాది? పెట్టీసినాది."

"ప్రతీ శుక్రారమూ వస్తాదా బావా?"

"ఒక్కటే తప్పినాది. మేనల్లుడి పెళ్ళికి నాను బొబ్బిలి ఎల్లిన శుక్రారం రాలేదు. దాన్నిబట్టి తెలీలేదా నీకు? నాను ఊర్లో లేకపోతే దానికి రాబుద్ది పుట్టలేదు. భూకంపానికి కూడా మనిషి విలువ తెలుసు మేస్త్రీ, మీకే తెలీదు."

టీ వడకడుతున్న తులసి చెయ్యి ఆగింది. "బొబ్బిలి ఎల్లిన శుక్రారం రాలేదా మావా?"

"రాలేదే. నాకు బెంగెట్టుకున్నాదేమో. ఇప్పుడు అసలు సంగతి సెప్తాను, ఎవులికీ సెప్పకండి. గడిచిన శుక్రారం ఏటైనాదో తెలుసా? ఇది ఎక్కణ్ణుంచి వస్తందో సూసీద్దామని ఘాట్‌రోడ్డెక్కినాను. పై మలుపులోంచి దిగతన్నాది, న్యూట్రల్లో. బ్రేకు లేదు, హారను లేదు. జీడితోటలు ఈ పక్కకీ ఆ పక్కకీ ఊగిపోతన్నాయి. కింద సూస్తే సాలూరు. బళ్ళు, బస్టాండు, ఈ బడ్డీ, బడ్డీలో మీరు. గుండె జారిపోనాది. ఎర్రతుండు ఇప్పి ఊపినాను. ఆగలేదు. అప్పుడేటి సేసినాను? రోడ్డు పక్క రాయొకటి ఎత్తి దాని ఎనక సక్రం కింద ఎట్టీసినాను."

"భూకంపానికి సక్రాలుంటాయేటి?"

"ఎనకవి ఉంటాయి. ముందువి నాను సూడలేదు, దుమ్ములో కనిపించలేదు. లేని మాట నాను సెప్పను. ఆగినాది. ఆగి రొప్పతన్నాది. పేపర్లు సూపించు అన్నాను. లేవు. పరిమిట్టు లేదు, పొల్యూషను లేదు. మరి ఆంధ్రాలోకి ఎలగ దిగతన్నావే అంటే తల దించుకున్నాది. రివర్సు కొట్టించి ఒచ్చిన దారినే ఎనక్కి తిప్పించీసినాను. ఎల్తా ఎల్తా ఏటన్నాదో తెలుసా? 'ఈపాలికి ఎల్తన్నాను గానీ శంకర్ బావా, పై శుక్రారం మా అన్నని తీసుకొస్తాను' అన్నాది."

దాలమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "అన్నా? పెద్దోడేటి?"

"దీనికి నాలుగింతలుంటాడంట."

"ఇన్నావా తులసీ? అందుకే వద్దంటన్నాను." ఆవిడ కళ్ళలో నీళ్ళు. ఉల్లిపాయల వల్ల కాదు, అవి కోయడం ఎప్పుడో అయిపోయింది. "నా కొడుకు నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. నాకు ఉన్నది నువ్వొక్కద్దానివే. ఆ స్లాబు నీ నెత్తి మీద పడితే ఆడికి నానేటి సెప్పుకోవాలి? టార్పాలిన్ అయితే తడుస్తావు, ఆరిపోతావు. నాకు బయ్యంగా ఉన్నాది."

తులసికి కోపం రావాల్సింది. రాలేదు. "వానొస్తే పొయ్యి మీద గొడుగు పట్టుకుని టీ కాస్తన్నాను అత్తా," అంది మెల్లగా. "ఎన్నేళ్ళు కాయమంటావు?"

సీమోను గ్లాసు కింద పెట్టి లేవబోయాడు. "అయితే నా మనుషుల్ని భోగాపురం పొమ్మంటాను మరి."

"కూకో మేస్త్రీ," అంది తులసి. శంకర్‌కి రెండో టీ ఇచ్చింది, దాంతో పాటు అడక్కుండానే ఒక ఉల్లి బజ్జీ. "మావా, నాకు తెలీక అడుగుతన్నాను. పెట్టి కాడ పిల్లిలాగ నడుస్తావు కదా. కాయ ఎక్కడ కొడతావు?"

"పెట్టికే కదా కొట్టేది. పెట్టి ముందే కొడతాను."

"ముందంటే? రాయేదైనా ఎట్టుకున్నావా, గుమ్మం కాడా?"

"గుమ్మం కాడ కొడితే గుమ్మానికి కొట్టినట్టు. సరిగ్గా దాని మూతి ముందు, గచ్చు మీదే. రెండు సేతులూ ఎత్తి ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ కొట్టడం నా జన్మలో లేదు."

"పెట్టిని బిగించిన గచ్చేనా అది?"

"ఒకటే గది, ఒకటే గచ్చు."

"కొట్టి, సిప్పలట్టుకుని ఇలగొస్తావు. నాను టీ ఇస్తాను. నువ్వు తాగతంటే ఫోను మోగతాది. కబురు రాడానికి టీ తాగినంత సేపు పడతాదని నువ్వే అన్నావు."

శంకర్ బజ్జీ నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు.

"నువ్వు బొబ్బిలి ఎల్లిన శుక్రారం భూకంపం రాలేదన్నావు కదా," తులసి గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "ఆ శుక్రారం నాకు కొబ్బరి సిప్పలు కూడా రాలేదు మావా. పల్లీ సెట్నీయే సేసినాను. అత్తనడుగు, జనం అలిగి ఎల్లిపోనారు."

దాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అవును. అలిగినారు."

"అంటే ఇన్ని శుక్రారాలూ నాను రుబ్బి ఇడ్లీల్లోకి ఏసిందదే. శంకర్ మావ భూకంపం. అందరం తినీసినాం, ఎవులికీ ఏటీ కాలేదు."

సీమోను బల్ల చరిచి నవ్వాడు. ఆగుదామనుకున్నాడు గానీ ఆగలేకపోయాడు. పక్కన లోడు లారీ ఒకటి ఘాట్ వైపు మూలుగుతూ వెళ్ళింది. శంకర్ దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు, ముప్పయ్యేళ్ళలో లారీని ఎప్పుడూ చూడనట్టు. చేతిలో బజ్జీ చల్లారిపోతోంది.

"తినీ మావా, ఎవులికీ సెప్పంలే," అంది తులసి.

అతను తిన్నాడు, నెమ్మదిగా, ఆలోచిస్తూ. ఈలోగా జేబులో ఫోను మోగింది. తీసి చూసి, ఎవరికీ చూపించకుండా, ఇందాకటి లారీకి "లారీ" అని నొక్కి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. టీ చివరి గుక్క తాగి గొంతు సవరించుకున్నాడు.

"సరే మేస్త్రీ. నీకోసం, ఈ గుంట తులసి కోసం సెప్తన్నాను. శుక్రారం భూకంపాన్ని నాను రద్దు సేసీసినాను. ఆల అన్నకి కూడా రావొద్దని కబురెట్టీసినాను. నీ పని నువ్వు పెట్టుకో."

"సెప్పినావు కదా, అది సాలు మావా," అంది తులసి. "నీ కోతలు నీకాడే ఉంచుకో, నా స్లాబు నాకియ్యి. ఈ శుక్రారం కాయ మాత్రం అక్కడొద్దు. ఇక్కడ నా స్లాబు కాడ కొట్టు. మేడంకి కూడా ఓ ఫోన్ సెయ్యి, ఆవిడ తల బద్దలుకొట్టుకుంటుంటాది."

"సేస్తాను. భూకంపం మొదలెక్కడో నానే కనిపెట్టినానని సెప్తాను."

"అది నిజమే," అన్నాడు సీమోను.

దాలమ్మ ఇంకా ఏదో లెక్క తేల్చుకుంటోంది. "మరి జపాను భూకంపమో?"

"అక్కడెవులు కొట్టినారో కాయ, నాకేటి తెలుసు అత్తా," అంది తులసి.

ఆవిడ తలూపింది. కోసిన ఉల్లిపాయల పళ్ళెం కోడలి వైపు జరిపి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది. "రేపు పప్పు ఎక్కువ నానబెట్టు. స్లాబు పోసేవోలు పొద్దున్నే ఆకలితో వస్తారు." సెంట్రింగ్ రేకుల కేసి ఓసారి చూసింది, శంకర్ కేసి ఓసారి చూసింది.

"పెద్ద కాయ తెస్తాను అప్పా," అన్నాడతను, గొంతులో మళ్ళీ క్యాబిను ఎక్కుతూ. "నాను కొట్టే దెబ్బకి సాలూరంతా..."

"కొడితే కొట్టు గానీ, మెల్లగా కొట్టు నాయినా," అంది దాలమ్మ. "జపానోలు బువ్వ తింతుంటారు."